ఇంటి తెరకు తగిన పెట్టె



ఇంటర్నెట్టు ద్వారా సినిమాలు చూచుటకు రెండేండ్ల క్రిందట టీవీకి ఒక పెట్టె కొంటిని. అట్టపై "4కె" అని యుండెను, ధర చౌక. "పేర్లన్నీ అలికినట్లున్నవండీ" అని నా భార్య పలుమారు చెప్పినది. "నీ కంటికి శుక్లము వచ్చినది" అంటిని. వైద్యుడు పరీక్షించి, కన్నులు నిర్దోషములనెను.

దోషము పెట్టెది. చిత్రములు చౌర్యము కాకుండ కాచు గూగుల్ వారి తాళమునకు వైడ్‌వైన్ అని పేరు. అందు ఎల్1 అను ఉన్నతశ్రేణి లేని ఆండ్రాయిడ్ పెట్టెకు నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీ చిత్రము నీయదు. తెర యెంత గొప్పదైనను ప్రయోజనము లేదు.

కావున కొనుటకు ముందు మూడు విషయములు విచారింపుడు. టీవీకి హెచ్‌డీఎంఐ పోర్టు కలదా? పెట్టెకు ఎల్1 కలదా? ఇంటర్నెట్టు వేగము చాలునా? నెట్‌ఫ్లిక్స్ వారి లెక్కలో పూర్తి హెచ్‌డీకి సెకనుకు 5 మెగాబిట్లు, 4కెకు 15 వలయును. నడుమ మందపు గోడలున్నచో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మేలు. దగ్గరనున్నచో 5 గిగాహెర్ట్జ్ వేగవంతము.

నాలుగవది శాస్త్రము కాదు, నా అనుభవము: చూచువారి మాట ముందుగా వినుడు.

ఇప్పుడు మా యింట వేరొక పెట్టె యున్నది. తెరపై సన్నని పేర్లను ఆమె పైకి చదువుచుండును, నేను వినుచుందును.