పొట్టి గేరు రాడ్డు

కారులో గేరు మార్చుట యొక విద్య. ఎడమకాలు క్లచ్చును నొక్కును. చేయి రాడ్డును త్రోయును. కుడికాలు ఆ క్షణముననే ఇంజను వేగమును సరిచూచును. ఈ మూడును ఒక లయలో సాగినప్పుడు కలుగు సంతోషము నడపువారికే తెలియును. ఆ పనిని తానే చేసికొను కార్లు నేడు ఎక్కువైనవి. అయినను క్రీడా కార్లను కోరి కొనువారిలో ఈ విద్యను విడువలేనివారు ఇంకను ఉన్నారు. గేరు రాడ్డు ఎంత తక్కువ దూరము కదలిన అంత మేలని వారిలో పలువురి తలంపు. ఈ కోరికను తీర్చుటకై, కారు తయారుచేసిన కంపెనీవారు కాక ఇతరులు తయారుచేసి అమ్ము సామగ్రిని షార్ట్ షిఫ్టర్ అందురు. ప్రకటనలలో ఒకరు నూటికి 20 వంతులు తగ్గింతుమందురు, మరియొకరు 30 అందురు, వేరొకరు 40 అందురు. 40 అన్నవానిదే మంచి సరకని కొనువారు తలచుట సహజము. కాని ఈ అంకెకు రెండవ ముఖమొకటి కలదు. దానిని ఏ ప్రకటనలోను ముద్రింపరు.

మన పల్లెలలో పూర్వము బావులకు ఏతము లుండెడివి. కంబముపై అడ్డముగా వేసిన దూలము ఏ చోట ఆనియున్నదో, దానినిబట్టి బాన పైకి లేచు ఎత్తును, తొక్కువాని శ్రమయు మారుచుండెడివి. ఆనిన చోటును రైతు ఊరక జరిపెడివాడు కాడు. గేరు రాడ్డు కూడ అట్టి దూలమే, నిలువుగా నున్నది, అంతే భేదము. నడుమ నొక గుండు ఆధారముగా నుండును. ఆ గుండునకు పైనున్న భాగమును మన చేయి పట్టుకొనును. క్రింది భాగము గేర్‌బాక్సులోని కడ్డీలను కదలించును. పై భాగము 20 సెంటీమీటర్లు, క్రింది భాగము 4 సెంటీమీటర్లు ఉన్నవనుకొందము. లోపలి కడ్డీ ఒక సెంటీమీటరు కదలవలెనన్న చేయి 5 సెంటీమీటర్లు కదలవలెను. క్రింది భాగమును 5 సెంటీమీటర్లు చేసినచో చేయి 4 సెంటీమీటర్లు కదలిన చాలును. దూరము నూటికి 20 తగ్గినది. అయితే బలము? అది నూటికి 25 పెరిగినది. నూటికి 40 తగ్గించువాని రాడ్డునకు పూర్వము 3 పాళ్లు బలము చాలినచోట ఇప్పుడు 5 పాళ్లు కావలెను. దూరమున మిగిల్చిన దానిని బలముతో చెల్లించవలసినదే. ఎంత ధర పెట్టి కొన్నను ఈ లెక్క మారదు.

ఇంకొక సంగతి. గేర్‌బాక్సులో సింక్రోమెష్ అను ఏర్పాటున్నది. వేరువేరు వేగములతో తిరుగుచున్న రెండు చక్రములను ఒక ఇత్తడి కంకణము రాపిడిచేత ఒకే వేగమునకు తెచ్చి, పిమ్మటనే పండ్లను కలియనిచ్చును. దానికి కొంత కాలము పట్టును. చేయి నడచు త్రోవ పొట్టిదైనంత మాత్రమున ఆ కాలము పొట్టిది కాదు. తొందరపడి బలముగా త్రోయువాని చేతిలో ఆ కంకణములు త్వరగా అరుగును. కొత్త రాడ్డు వేసినవారు మొదటి వారములో త్రోయునది సాధారణముగా ఇట్లే.

ఉదాహరణముగా ఒక కారును తీసికొందము. మాజ్డా కంపెనీవారు 1989 ఫిబ్రవరిలో చికాగో మోటారు ప్రదర్శనమున మియాటా అను ఇద్దరు కూర్చుండు చిన్న కారును చూపిరి. తోషిహికో హిరాయ్ అను ఇంజనీరు ఆ పనికి నాయకుడు. గుఱ్ఱమును రౌతును ఒక్కటే యగుట అను అర్థముగల ‘జిన్బా ఇట్టై’ అను జపాను మాటను ఆ కారునకు ఆదర్శముగా పెట్టుకొనిరి. దాని గేరు రాడ్డు సహజముగానే పొట్టిది. తీగెల ద్వారా కాక, గేర్‌బాక్సు పైననే అది తిన్నగా కూర్చుండియుండును. అట్టి కారునకు కూడ షార్ట్ షిఫ్టరు కావలెనని అడుగువారున్నారు. అమెరికాలో నున్న మన యువకులలోను ఈ కారుపై మోజు గలవారు లేకపోలేదు.

వారు అడుగుటకు కారణము తరచుగా వేరు. తొలినాటి మియాటాలకు ఇప్పటికి ముప్పది ఏండ్లు దాటినవి. రాడ్డు క్రింది కొననున్న నైలాను బుష్షు అరిగిపోయియుండును. అందుచేత రాడ్డు వదులై, గేరులో నున్నదో లేదో తెలియని స్థితి ఏర్పడును. రాడ్డు కూర్చున్న గిన్నెలో గేర్‌బాక్సు నూనెతో సంబంధము లేకుండ వేరుగా కొంచెము నూనె యుండవలెను; అది ఎండిపోయియుండును. లోపలి రబ్బరు తొడుగు చినిగి, క్రిందినుండి వేడియు, మ్రోతయు కారులోనికి వచ్చుచుండును. వీనిని మార్చుటకు అగు వ్యయము కొత్త షిఫ్టరు ధరలో స్వల్పభాగమే. ఇవి మార్చిన పిమ్మట తన కారే తనకు కొత్తగా తోచి, షిఫ్టరు మాట మరచినవారు ఎందరో. క్లచ్చును కూడ చూడవలెను. ఈ కార్లలో క్లచ్చు స్లేవ్ సిలిండరు కారుట సామాన్యమైన జబ్బు. అప్పుడు క్లచ్చు పూర్తిగా విడదు, గేరు గరగరలాడును. రాడ్డును నిందించి ప్రయోజనము లేదు. ఆ స్థితిలో పొట్టి రాడ్డు వేసినచో బాధ ఇనుమడించును.

ఇవన్నియు సరిగానుండియు కోరిక తీరనిచో, అప్పుడు కొనవచ్చును. కొనుటకు ముందు అమ్మువానిని అడుగవలసిన మొదటి ప్రశ్న, ఎంత తగ్గునని కాదు, ఏ విధముగా తగ్గునని. కొందరు గుండు క్రింది భాగమును పెంచుదురు. కొందరు పై భాగమును కోసి కురుచ చేయుదురు. రెండవ పద్ధతి చౌక. కాని గేరు నాబు చేతికి అందక క్రిందికి పోవును, చక్రము నుండి చేయి ఎక్కువ దూరము పోవలసివచ్చును. రాడ్డును పొట్టి చేసి చేతి ప్రయాణమును పొడుగు చేయుట ఏమి లాభమో నాకు బోధపడదు.

రెండవది రబ్బరు. కంపెనీవారి రాడ్డులో రెండు లోహపు ముక్కల నడుమ రబ్బరు నుంచుట కలదు. ఇంజను కంపము చేతికి రాకుండ అది అడ్డుకొనును. ఏకఖండముగా చేసిన రాడ్డులో ఆ మెత్తదనము లేనందున గేరు పడుట చేతికి స్పష్టముగా తెలియును. దానితోపాటు కొన్ని వేగములయందు తుమ్మెద ఝంకారమువంటి మ్రోత కూడ వచ్చును. పందెపు బాటపై అది వినపడదు. ప్రతిదినము కచేరికి పోయి వచ్చు కారులో ఒక నెలలో విసుగు పుట్టించును.

మూడవది ప్రమాదమునకు సంబంధించినది. రాడ్డు ప్రయాణము తగ్గిన కొలది గేర్ల నడుమనున్న ఎడము కూడ ఇరుకగును. మూడవ గేరునుండి నాలుగవ దానికి పోదలచి, చేయి కొంచెము ఎడమకు వాలి రెండవ దానిలో పడినదనుకొందము. తొలి మియాటాలో రెండవ గేరు నిష్పత్తి 1.888, మూడవది 1.330. ఇంజను నిమిషమునకు 6,500 చుట్లు తిరుగుచున్నప్పుడు ఈ పొరపాటు జరిగి క్లచ్చును వదలినచో, చక్రములు ఇంజనును 9,200 చుట్లకు పైగా త్రిప్పును. ఎర్రగీత యున్నది 7,000 ప్రాంతమున. ఆ ఒక్క క్షణములో ఇంజను పాడగుటకు అవకాశమున్నది. కనుక రాడ్డును నడిమికి తెచ్చు స్ప్రింగులు గట్టిగా నున్నవో లేవో చూచి తీసికొనవలెను.

అమెరికాలో జార్జి హర్స్ట్ పేరిట వెలసిన గేరు రాడ్లు ప్రసిద్ధములు. 1964లో పాంటియాక్ జి.టి.ఓ. కారునకు కంపెనీవారే వానిని అమర్చి యిచ్చిరి. హర్స్ట్ రాడ్లలో కొన్నిటికి హద్దు మరలున్నవి. గేరు పడిన తరువాత కూడ రాడ్డును బలముగా లాగినచో ఆ దెబ్బ లోపలి ఫోర్కులకు తగులకుండ, ఈ మరలు రాడ్డును ఆపివేయును. కొను సామగ్రిలో ఇట్టి హద్దులున్నచో అది తయారుచేసినవాని బుద్ధికి గుర్తు. ఇక ముందు చక్రములచే నడచు కార్లలో రాడ్డునకును గేర్‌బాక్సునకును నడుమ రెండు తీగెలుండును: ఒకటి ముందు వెనుకలకు, ఒకటి ప్రక్కలకు. కొన్ని షిఫ్టర్లు మొదటి దానినే కురుచ చేయును. అప్పుడు త్రోవ ముందు వెనుకల పొట్టిగను, ప్రక్కలకు వెడల్పుగను ఉండి చేయి తికమకపడును. రెంటిని తగ్గించునదే కొనదగినది.

ఇంటి కారునకు నూటికి 20 మొదలు 25 వరకు తగ్గించునది చాలునని నా అభిప్రాయము. దానికి బరువైన నాబు నొకదానిని తగిలించిన, ఆ బరువు వేగమే కంకణములను దాటుటకు చేతికి కొంత తోడగును. బిగించిన తరువాత ఎండ వేళ గాక, తెల్లవారుజామున నూనె చల్లగా నున్నప్పుడు రెండవ గేరు వేసి చూడవలెను. తొలి మియాటాలకు అది మొరాయించు వేళ. పాత రాడ్డును, దాని తొడుగులను పారవేయక ఒక పెట్టెలో దాచియుంచవలెను. కారును అమ్ము దినమున కొనవచ్చినవారిలో కొందరు వానిని అడుగుదురు.