చక్రముల మీది సంసారము
(యుగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

ఉపన్యాసములు ఎప్పుడు ముగియునా, పచ్చడి ఎప్పుడు పెట్టుదురా అని ముందు వరుసలో ఎదురుచూచుచున్న చిన్నారులకు మా నమస్కారములు.

కార్యవర్గమువారు మమ్ములను నాలుగు మాటలు చెప్పుమన్నారు. తెలుగు భాష గొప్పతనమును గూర్చి చెప్పుదామా అంటే, మాకంటె బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదనే ఉన్నారు. మగ్గముల కష్టసుఖములు చెప్పుదామా అంటే, షోలాపురములో పుట్టి పెరిగిన మీకు తెలియనివి మాకేమి తెలియును? అందుచేత మేమిద్దరము, అనగా మేమును మా ఇంటావిడయు, 2024 జనవరిలో అమెరికాలో చేసిన ఒక బండ్ల యాత్రను గూర్చి చెప్పుకొందుము. అందులో మా తెలివితక్కువ కొంత ఉన్నది. దానిని దాచకుండ చెప్పుట వలననే మీకు ప్రయోజనము.

మా తాతగారు నేతపని వెదకుకొనుచు ఈ ఊరు వచ్చినారు. మా అబ్బాయి చదువు చేతపట్టుకొని ఆరిజోనా రాష్ట్రములోని ఫీనిక్సు నగరము చేరినాడు. వలస వచ్చినవారి పిల్లలు మరల వలస పోవుట మన ఇండ్లలో వింత కాదు. ఆ సంవత్సరము సంక్రాంతి సోమవారము నాడు వచ్చినది. అదే రోజు వారికి మార్టిన్ లూథర్ కింగు పేర సెలవు. శని, ఆది, సోమ మూడు రోజులు కలిసి వచ్చుటతో, అక్కడి ఆరు తెలుగు కుటుంబములు ఆరు బండ్లు కట్టుకొని ఎడారిలో పండుగ చేసికొన నిశ్చయించినవి.

బండ్లు అంటే మన గూడుబండ్లే అనుకొనండి, ఎద్దులు మాత్రము లేవు. వాటిని వారు ఆర్.వి. అందురు. అందులో పడక, పొయ్యి, ఫ్రిజ్జు, స్నానపుగది అన్నియు ఉండును. కొన్ని తామే నడచును, కొన్నింటిని వేరొక బండికి తగిలించి లాగవలెను. ఈ బండ్లు గుంపుగా పోవుట వారికి పాత అలవాటు. ఎయిర్‌స్ట్రీమ్ అను వెండిరంగు బండ్లను తయారుచేసిన వాలీ బయమ్ అనునతని పేర 1955లో ఒక సంఘము ఏర్పడినది. ఆ సంఘమువారి బండ్ల వరుస 1963-64లో సింగపూరు నుండి బయలుదేరి, మన దేశము మీదుగా కూడ సాగి ఐరోపా చేరినది.

మేము పోయిన ఊరు క్వార్ట్‌జ్‌సైట్. ఫీనిక్సుకు పడమరగా సుమారు 200 కిలోమీటర్లు. 2020 జనాభా లెక్కలలో ఆ ఊరివారు రెండువేల నాలుగు వందల మంది మాత్రమే. చలికాలములో మాత్రము ఊరి చుట్టు కనుచూపు మేర బండ్లే. ఉత్తరమున మంచు పడుచుండగా ముసలివారు వెచ్చదనము కొరకు అక్కడ చేరుదురు. ఆ భూమి ప్రభుత్వమువారి భూపాలన శాఖది. ఇరువది ఎనిమిది రోజులలో పదునాలుగు రోజుల వరకు రుసుము లేకుండ విడియుటకు కొన్ని మైదానములు విడిచిపెట్టినారు. చలికాలమంతయు ఉండదలచినవారు లా పోసా అను చోట రుసుము చెల్లించి సెప్టెంబరు 15 నుండి ఏప్రిల్ 15 వరకు ఉండవచ్చును. మేము ఉచితపు మైదానములో దిగినాము. ఉచితము గనుక నీటికొళాయి లేదు, విద్యుత్తు స్తంభము లేదు.

ఆ ఊరి శ్మశానములో ఒక చిన్న రాతి పిరమిడు, దాని శిఖరముపై లోహపు ఒంటె బొమ్మ ఉన్నవి. అది హాజీ అలీ అనునతని సమాధి. 1856లో అమెరికా సైన్యమువారు ఎడారిలో సరుకు మోయించుటకు ఒంటెలను తెప్పించినపుడు, వాటితో సిరియా ప్రాంతము నుండి వచ్చినవాడాయన. ఒంటెల ప్రయత్నము సాగలేదు గాని ఆయన అక్కడనే ఉండిపోయి 1902లో కన్నుమూసినాడు. అక్కడివారికి హాజీ అలీ అని పలుకరాక 'హై జాలీ' అన్నారు. సమాధి మీద కూడ ఆ పేరే ఉన్నది. మన ఇంటిపేర్లు పరవూరి బడిపుస్తకములలో ఏమైనవో తలచుకొని మేమక్కడ కొంతసేపు నిలిచిపోయినాము.

ఇక అసలు సంగతి. ప్రయాణమునకు నెల ముందునుండి సన్నాహములు జరిగినవి. పులిహోర ఎవరిది, గాలిపటములు ఎవరివి, భోగిమంటకు కట్టెలు ఎవరు కొని తేవలెను, అన్నియు పంచుకొన్నారు. మా కోడలు మాత్రము ఒక కాగితము మీద వేరే లెక్క వ్రాసినది. ఏ వస్తువు ఎంత విద్యుత్తు తినును, ఎన్ని గంటలు నడచును, బ్యాటరీలో ఎంత ఉన్నది అని. ఆమె పుట్టిల్లు కూడ ఈ ఊరే. కరెంటు పోతే మరమగ్గము ఆగుట, మగ్గము ఆగితే కూలి ఆగుట చూచి పెరిగిన పిల్ల. ఆ కాగితము చూచి మేము నవ్వినాము. "మూడు రోజుల పండుగకు ఇంత పద్దు ఎందుకమ్మా? అమెరికాలో కూడ కరెంటు కోతేనా?" అన్నాము. ఆమె ఏమియు అనక కాగితము మడిచి సంచిలో పెట్టుకొన్నది.

మేము అద్దెకు తీసికొన్న బండిలో 12 వోల్టుల సీసపు బ్యాటరీలు రెండు. ఒక్కొక్కటి 100 ఆంపియర్ గంటలు. రెండును కలిసి 200 అని మేము లెక్కవేసినాము. కాని సీసపు బ్యాటరీని సగమునకు మించి వాడితే త్వరగా పాడగును. కాబట్టి మనకు చెల్లునది 100 మాత్రమే. బ్యాటరీ బావి కాదు, కడవ. ముంచినంత ముంచి మరల నింపకపోతే అడుగు కనబడును.

శనివారము రాత్రి మేము ముంచినది వినండి. పొయ్యి మీద అన్నము పొంగునని భయపడి, బ్యాటరీ విద్యుత్తును ఇంటి విద్యుత్తుగా మార్చు ఇన్వర్టరుకు కరెంటు కుక్కరు తగిలించి వండించినాము. 700 వాట్ల కుక్కరు అరగంట నడచుటకు ముప్పదికి పైగా ఆంపియర్ గంటలు. బండిని వెచ్చగా ఉంచు కొలిమి గ్యాసుతో మండును గాని, దాని ఫ్యాను బ్యాటరీతో తిరుగును. రాత్రి అంతటికి దానికి నలుబది. మా ఇంటావిడకు నిద్రలో ఊపిరి ఆగు జబ్బు ఉన్నది, గుండె జబ్బు కూడ ఉన్నది. రాత్రి ముక్కుకు తగిలించుకొను గాలి యంత్రమును ఒక్కరాత్రి అయినను మానరాదని వైద్యులు చెప్పినారు. ఆ యంత్రమునకు, అందులో నీరు వేడిచేయు పాత్రకు కలిపి మరి నలుబది. ఊరక ఉన్నను ఇన్వర్టరు తాగునది పదిహేను. దీపములు, నీటి పంపు, ఫోనులు పది. మొత్తము నూట ముప్పదియైదు దాటినది. కడవలో ఉన్నది నూరు.

తెల్లవారుజామున మూడు గంటలకు ఇన్వర్టరు కీచుమని అరచి ఆగిపోయినది. దానితో గాలి యంత్రము ఆగినది. కొంతసేపటికి ఫ్యాను కూడ చాలించినది. గ్యాసు బుడ్డి నిండుగా ఉన్నది, వెచ్చదనము లేదు. బయట చలి ఐదు డిగ్రీలు. మా ఇంటావిడ ఉలికిపడి లేచి ఎగఊపిరితో కూర్చున్నది. ఆమె చేయి పట్టుకొంటే మంచుగడ్డవలె ఉన్నది. మేమును మా అబ్బాయియు ఒకరి ముఖము ఒకరము చూచుకొన్నాము. జనరేటరు వేయుదమన్నాడు వాడు. అది మొరాయించినది. వాడు టార్చిలైటు పట్టుకొని దానితో కుస్తీ పట్టుచుండగా మా కోడలు మాట్లాడక సంచి తెరచినది. కారులోని 12 వోల్టుల రంధ్రమునకు గాలి యంత్రమును నేరుగా తగిలించు తీగ ఒకటి ఆమె ముందే కొని తెచ్చినది. అత్తగారికి రెండు దుప్పట్లు కప్పి, కారు ముందుసీటు వెనుకకు వాల్చి పడుకోబెట్టి, నీళ్లపాత్ర తీసివేసి, యంత్రము నడిపించినది. నీటిని వేడిచేయు పని లేకుంటే ఆ యంత్రమునకు రెండు ఆంపియర్లు చాలును. కారు బ్యాటరీ తెల్లవారు వరకు హాయిగా భరించినది. మేము పక్కసీటులో కూర్చుని ఆ యంత్రపు చప్పుడు వినుచు తెల్లవార్చినాము. అంతటి కమ్మని సంగీతము మేము ఏ కచ్చేరీలోను వినలేదు.

ఉదయము భోగిమంట వద్ద మా కోడలితో, "అమ్మా, ఆ కాగితము ఒకసారి చూపుము" అన్నాము. ఈసారి ఆమె నవ్వినది. మొదటి పంక్తిలో ఏమున్నదో తెలియునా? "అత్తయ్య మిషను." కుక్కరుకు ఎదురుగా "వద్దు" అని వ్రాసి రెండు గీతలు గీసినది.

ఆనాడు నేర్చినది మీకు అప్పగించుచున్నాము.

వేడి పుట్టించు వస్తువు ఏదైనను బ్యాటరీకి శత్రువు. కుక్కరు, ఇస్త్రీపెట్టె, జుట్టు ఆరబెట్టు యంత్రము, కెటిలు దూరముగా ఉంచవలెను. వంట గ్యాసు మీద చేయవలెను. అయితే వెచ్చదనము కొరకు మూసిన బండిలో పొయ్యి వెలిగించుట ప్రాణాపాయము. కంటికి కనబడని, వాసన లేని విషవాయువు చేరును. దానిని పసిగట్టి అరచు గంట బండిలో పనిచేయుచున్నదా అని ముందే చూచుకొనవలెను.

కడవను నింపుటకు సూర్యుడున్నాడు. మాతో వచ్చిన మరియొక కుటుంబమువారి బండిపై 400 వాట్ల సౌరఫలకములు ఉన్నవి. చలికాలపు ఎండలో, నష్టములు పోగా, రోజుకు 1,200 మొదలు 1,500 వాట్ గంటల వరకు వచ్చును. అంటే మా బ్యాటరీల నుండి చెల్లుబాటగు మొత్తమునకు సమానము. చలికాలములో సూర్యుడు దక్షిణముగా వాలియుండును గనుక ఫలకములను దక్షిణమునకు వంచి పెట్టవలెను. ఒక మూల నీడ పడినను రాబడి చాల పడిపోవును. వారి బ్యాటరీ లిథియము జాతిది. దానిలో ఎనిమిది, తొమ్మిది వంతులు వాడుకొనవచ్చును, కాని నీరు గడ్డకట్టు చలిలో దానిని నింపరాదు. ఇన్వర్టరు పెద్దదైనకొలది తీగలు బొటనవ్రేలంత లావు ఉండవలెను, బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు ఉండవలెను. పన్నెండు వోల్టుల వద్ద 1,500 వాట్లు లాగితే 125 ఆంపియర్లు దాటును. సన్నని తీగ అయితే నిప్పంటుకొనును.

ఆదివారము జనరేటరును బాగుచేసి పగలు మూడు గంటలు నడిపినాము. రాత్రి పది మొదలు ఉదయము ఆరు వరకు దానిని మోగించరాదని ఆరు కుటుంబములును నియమము పెట్టుకొన్నవి. ఆ రాత్రి మా ఖర్చు అరువది ఆంపియర్ గంటలు. మా ఇంటావిడ సుఖముగా నిద్రించినది. సోమవారము ఎడారి గులకరాళ్ల మీద ముగ్గు నిలువకపోతే ఆడవారు ఒక చెక్కపలక పరచి దానిపై వేసినారు. పొంగలి గ్యాసుపొయ్యి మీదనే పొంగినది.

గుంపుగా బండ్లు కట్టుట మనకు క్రొత్త విద్య కాదు. మన జిల్లాలోని పండరిపురమునకు ఆషాఢములో వచ్చు దిండీలను చూడండి. ఏ దిండీ ఎవరి వెనుక నడువవలెనో వరుస ఉన్నది. నీరు, వంట, గుడారముల బండ్లు వేరు. ఎవరి పని వారిది. అక్కడి ఎడారిలో కూడ అదే సూత్రము. ముందుగా భూమి ఎవరిది, అనుమతి కావలెనా అని కార్యాలయములో అడుగవలెను. కుటుంబములు కలిసి విడియుట వేరు, రుసుము పుచ్చుకొని సభ చేయుట వేరు. పొద్దుండగా చేరవలెను. ఒకరి బండి నీడ మరొకరి ఫలకముపై పడకుండ నిలుపవలెను. ఆరు వంటలు మాని ఒకే వంట చేస్తే నీరు, గ్యాసు రెండును కలిసివచ్చును. మా బండిలో మంచినీరు 150 లీటర్లే. స్నానము చెంబుతో చేసినవాడే బుద్ధిమంతుడు. వాడిన నీరు నేలమీద పారబోయక బండి తొట్టిలోనే ఉంచి, ఊరిలో అందుకై ఏర్పరచిన చోట వదలవలెను. ఆసుపత్రి ఎక్కడో ముందే తెలిసికొనవలెను. మాకు అది ఉత్తరమున సుమారు 55 కిలోమీటర్ల దూరమున పార్కరు పట్టణములో ఉన్నదని మూడు గంటల రాత్రి గాని మేము విచారించలేదు.

ఇవన్నియు అమెరికా ముచ్చటలు, మనకెందుకని మీరనవచ్చును. మన మహారాష్ట్ర ప్రభుత్వమువారు కూడ 2021లో ఈ బండ్ల యాత్రలకు ఒక విధానము ప్రకటించినారు. రేపు మన పిల్లలే వీటిని కట్టవచ్చును. అంతవరకు ఎందుకు? వచ్చే కార్తికములో మన సంఘమువారు మూడు బస్సులతో శ్రీశైలయాత్ర తలపెట్టినారు. కార్యవర్గమునకు మా మనవి ఒక్కటే. పులిహోర ఎవరిదని వ్రాయుటకు ముందు ఇంకొక కాగితము తీయండి. ఏది లేకపోతే ఎవరికి ఒక్కరాత్రి కూడ గడవదో ఇంటింటికి పోయి అడిగి వ్రాయండి. ఒకరికి ఇన్సులిను చల్లగా ఉండవలెను, ఒకరికి గాలి యంత్రము, ఒకరికి మెట్లు ఎక్కుటకు తోడు. మొగమాటముచే చాలమంది తమంతట తాము చెప్పరు. అడుగవలెను. ఆ కాగితము వ్రాయు పనిని ఇంటి ఆడపడుచులకు, కోడండ్రకు అప్పగించండి. వారు వ్రాసినది చూచి నవ్వకండి. నవ్విన ఫలితము మేము చెప్పియే ఉన్నాము.

ఈ క్రొత్త సంవత్సరము మీ అందరి ఇండ్ల కడవలను నిండుగా ఉంచుగాక. పచ్చడి సిద్ధమైనట్లున్నది. పిల్లలను ఇంక ఆపుట న్యాయము కాదు. సెలవు.