బధిరుల భాషకు మన బడిలో చోటు
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థిని ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఎవరి వృత్తి గురించి వారు పది నిమిషాలు మాట్లాడాలని సంఘం వారు చెప్పారు. నా వృత్తి టీచరుగిరీ. దాని గురించి ఈ హాల్లో నాకంటే తెలిసినవాళ్లు వందమంది ఉన్నారు. జీతం లేకుండా నేను చేసే రెండో పని ఒకటుంది. బధిరులకు, వినేవాళ్లకు నడుమ మాట అందించడం. మా అమ్మ, బాపు ఇద్దరూ బధిరులే. మట్టెవాడలో బాపు దర్జీ దుకాణం మీలో కొందరికి గుర్తుండాలె, మన బడి ఖాకీ నిక్కర్లు చాలామట్టుకు అక్కడ కుట్టినవే.

ముందు పేరు సంగతి. "మూగ" అనకండి. వాళ్లకు గొంతు ఉంది, భాష ఉంది. బధిరులు అనండి, లేదా వాళ్లే చెప్పుకున్నట్టు డెఫ్ అనండి. తెలుగు సార్లు కోప్పడకపోతే ఒక మాట. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అనే సామెతను నేను ఒకసారి బాపుకు సైగలతో వివరించాను. ఆయన కాసేపు ఆలోచించి, ఊదేవాడి బుగ్గలు కనిపిస్తాయి కదా, ఊదుతున్నాడని తెలుస్తుంది కదా అన్నారు. సామెతలో తప్పు చూపించిన మొదటి మనిషి మా బాపే అనుకుంటా.

2011 జనగణన ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షలకు పైనే. 2016 వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్, ఆపైన వినికిడి నష్టం ఉంటే బధిరులని, 60 నుంచి 70 మధ్య ఉంటే పాక్షిక వినికిడి వారని లెక్క కట్టింది. ఇది చెవి లెక్క. నేను చెప్పదలచుకున్నది భాష లెక్క.

బధిర పిల్లల్లో 90 శాతానికి పైగా వినే తల్లిదండ్రులకే పుడతారు. అంటే ఆ ఇంట్లో ఎవరికీ సైగల భాష రాదు. నోటి మాట బిడ్డకు చేరదు, చేతి మాట ఇంట్లో లేదు. అయిదేళ్లు నిండేసరికి మన పిల్లలు వేల మాటలతో బడికొస్తారు. ఆ బిడ్డ ఏ భాషా లేకుండా వస్తాడు. తర్వాత మనం వాడికి తెలివి తక్కువ అంటాం. చెవిలో యంత్రం పెట్టించడమా, సైగలు నేర్పడమా అని తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. రెండూ చేయండి అంటాను. కాక్లియర్ ఇంప్లాంట్ పనిచేస్తే మంచిదే, అది కుదిరేదాకా బిడ్డను భాష లేకుండా ఉంచకండి. సైగలు నేర్పితే మాట రాదన్న భయం పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మాట నేను నమ్మను. మా ఇంట్లో నేను ముందు నేర్చింది సైగలే. మరి ఇప్పుడు ఆపమన్నా ఆగకుండా మాట్లాడుతున్నాను.

ఆ భయానికి పాత చరిత్ర ఉంది. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిర విద్య మీద అంతర్జాతీయ సమావేశం జరిగింది. సైగల కంటే నోటి మాటతో చదువు చెప్పడమే మేలని తీర్మానం చేశారు. ప్రపంచమంతా ఎన్నో బడుల్లో సైగలను నిషేధించారు. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో అదే వరుస సమావేశం జరిగినప్పుడు ఆ తీర్మానాన్ని తోసిపుచ్చి విచారం తెలిపారు. మధ్యలో 130 ఏళ్లు. ఆ గాలి మన దాకా వచ్చింది. బాపు చదివిన బడిలో చేతులు కట్టుకుని కూర్చోబెట్టి, పెదవులు చూసి పలకమనేవారట. చేయి కదిలితే స్కేలు దెబ్బ. ఒకసారి మీరే అద్దం ముందు నిలబడి గొంతు బయటికి రాకుండా "పాప", "మామ", "బాబా" అని చూడండి. పెదవులు మూడింటికీ ఒక్క తీరుగానే కదులుతాయి. దాంతో లెక్కలు, సాంఘికశాస్త్రం నేర్చుకోమన్నారు!

సైగల భాష అంటే మూకాభినయం కాదు. దానికి వ్యాకరణం ఉంది. భారతీయ సైగల భాషలో ప్రశ్న పదం చివరికి వస్తుంది, క్రియ కూడా సాధారణంగా చివరే. "నీ పేరు ఏమిటి" అన్న మన వాక్యపు వరుస వాళ్ల చేతులకు ఇంగ్లీషు వరుస కన్నా దగ్గర. ముఖం కూడా వ్యాకరణమే. ముఖంలో ప్రశ్న కనిపించకుండా అడిగితే చాలాసార్లు అది ప్రశ్న అనిపించదు. ఊరూరికీ కొన్ని సైగలు మారతాయి, మన యాసల్లాగే. మా ఇంట్లో వరంగల్ అంటే రెండు చేతులతో కోట తోరణం.

ఇక ఇవాళ్టి సంగతి. 2016 తర్వాత డేటా చౌక అయ్యింది. మనకు అది సినిమాలు చూడటానికి పనికొచ్చింది. బధిరులకు చరిత్రలో మొదటిసారి ఫోన్ వచ్చింది. అవును, వీడియో కాల్ వచ్చాకే వాళ్లకు ఫోన్ ఫోనయ్యింది. అంతకుముందు బాపు హన్మకొండలోని స్నేహితుడికి ఒక మాట చెప్పాలంటే సైకిలెక్కి వెళ్లాలి, ఆయన ఇంట్లో లేకపోతే మళ్లీ రావాలి. ఇప్పుడు గుంపులున్నాయి. ఉద్యోగ ప్రకటనలు, వార్తలు, కోర్టు తీర్పులు అన్నీ సైగల్లో వీడియోలుగా తిరుగుతాయి. పోట్లాటలూ అక్కడే. నాలుగు సైగలు నేర్చిన వినేవాళ్లు తప్పుడు సైగలతో పాఠాలు పెట్టి పేరు తెచ్చుకుంటున్నారని వాళ్ల కోపం. ఆ కోపం న్యాయమే. మా భాష నేర్పే పని మాకే ఇవ్వండి అంటున్నారు. నకిలీ ధ్రువపత్రాల మీద ఇంకా పెద్ద కోపం. చట్టం ప్రకారం ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం, అందులో వినికిడి లోపం వారికి 1 శాతం. ఆ ఒక్క శాతంలోకి చక్కగా వినేవాళ్లు దూరితే ఎవరికి చెప్పుకోవాలి? మెదడు స్పందనను కొలిచే బెరా లాంటి పరీక్షలు ఉన్నాయి. నిక్కచ్చిగా చేయమని అడుగుతున్నారు, అంతే.

అయినా లోకమంతా ఇంకా గొంతు మీదే నడుస్తోంది. బ్యాంకు కార్డు పోతే కస్టమర్ కేర్‌కు కాల్ చేయమంటారు. డెలివరీ అబ్బాయి గేటు ముందు నిలబడి కాల్ చేస్తాడు. 108 అంబులెన్స్ 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లో మొదలై దేశానికే దారి చూపింది, నేను గర్వంగా చెప్పుకుంటాను. కానీ రాత్రి రెండు గంటలకు అమ్మకు ఛాతీలో నొప్పి వస్తే బాపు ఆ నంబరుకు ఏమని చెప్పాలి? 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ఆ కేసు వేసింది యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు. బధిరులు ఆ తీర్పును తమదిగానే చదువుకుంటున్నారు.

కోర్టుల సంగతి వచ్చింది కనుక ఒక మంచి ముచ్చట. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే బధిర న్యాయవాది సుప్రీంకోర్టు ఆన్‌లైన్ విచారణలో దుబాసీ సాయంతో హాజరయ్యారు. మొదట దుబాసీకి తెర మీద చోటివ్వలేదు. తర్వాత ఇచ్చారు. దుబాసీ వేళ్లు కదులుతుంటే దేశం చూసింది. ఆ వీడియోను మా అమ్మ ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు.

నాకు మాత్రం దుబాసీ అనగానే వేరే రోజు గుర్తొస్తుంది. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు అమ్మకు కడుపునొప్పి వస్తే ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు అమ్మ వైపు చూడకుండా నాతో అన్నారు, "గర్భసంచిలో గడ్డ ఉంది, తీసేయాలి, క్యాన్సర్ కావచ్చు, మీ అమ్మకు చెప్పు." గర్భసంచికి సైగ నాకు తెలియదు. పద్నాలుగేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది? క్యాన్సర్ సైగ తెలుసు, కానీ చేతులు లేవలేదు. అమ్మ నా ముఖం చూసే కనిపెట్టింది. సంతకం చేయాల్సిన కాగితంలో ఏముందో ఆమెకు పూర్తిగా తెలిసింది ఆపరేషన్ అయిన మూడు వారాలకు, ఇంకో బధిర మిత్రురాలు వివరించాక. గడ్డ మామూలుదే, అమ్మ బాగుంది. కానీ తన శరీరం గురించి తానే అందరికంటే చివర తెలుసుకుంది. ఇలాంటి పిల్లలు ఇవాళ్టికీ ఆసుపత్రుల్లో, పోలీసు స్టేషన్లలో నిలబడుతున్నారు. ఎందుకంటే దేశం మొత్తానికి అర్హత పొందిన దుబాసీలు కొన్ని వందలే.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. 2015లో ఢిల్లీలో భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టారు. 3 వేల పదాలతో 2018లో వచ్చిన వాళ్ల నిఘంటువు 2021కి 10 వేల పదాలకు పెరిగింది. 2021 జూలైలో సైగల భాషను బడిలో ఒక భాషా సబ్జెక్టుగా గుర్తించారు. 2024 డిసెంబరులో దానికోసం ఒక టీవీ ఛానెల్ వచ్చింది. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మనవాళ్లు అక్కడికి వెళ్లి నేర్చుకోవచ్చు. ఇంకా జరగనిది అధికార భాష హోదా. న్యూజిలాండ్ 2006లో ఇచ్చింది, దక్షిణాఫ్రికా 2023లో తమ సైగల భాషను 12వ అధికార భాష చేసింది. మన దగ్గర అడుగుతూనే ఉన్నారు.

ఈ సభలో బ్యాంకు మేనేజర్లు ఉన్నారు, డాక్టర్లు ఉన్నారు, ఇద్దరు పోలీసు అధికారులు మొదటి వరుసలోనే ఉన్నారు. మీ కౌంటరు దగ్గరికి బధిరులు వస్తే పక్కన ఉన్నవాళ్లతో కాదు, వాళ్లతో మాట్లాడండి. ముఖం చూపండి, కాగితం అందించండి, వీడియో కాల్‌లో దుబాసీ కావాలంటే ఆ పదినిమిషాలు ఆగండి. పేర్లు పిలిచే చోట ఒక నంబరు బోర్డు పెట్టండి. నేను వెళ్లిన ఒక ధ్రువపత్రాల శిబిరంలో వినికిడి పరీక్షకు వచ్చినవాళ్లను మైకులో పేరు పెట్టి పిలిచారు. నవ్వకండి, ముగ్గురు సాయంత్రం దాకా కూర్చుని తిరిగి వెళ్లారు.

సంఘానికి నా కోరిక రెండే. ఈ ఉత్సవం వీడియోకు తెలుగు అక్షరాలు వేయించండి. యంత్రం వేసిన వాటిని అలాగే వదలకండి, అది "గురువులు" అంటే "గొర్రెలు" అని రాసినా రాయగలదు. ఎవరైనా తెలుగు వచ్చిన మనిషి కూర్చుని దిద్దాలి. రెండోది, ఏటా సెప్టెంబరు 23న అంతర్జాతీయ సైగల భాషల దినం. ఆరోజు మన బడికి ఒక బధిర ఉపాధ్యాయుణ్ని పిలిపించి, ఆరో తరగతి నుంచి పిల్లలకు ఒక గంట పాఠం చెప్పించండి. ఆయనకు దారిఖర్చులు, పారితోషికం మాత్రం ఇవ్వండి, సేవ పేరుతో ఎగ్గొట్టకండి. మొదటి ఏడాది ఖర్చు నాది. పేర్లు ఇవ్వదలచుకున్నవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలవండి. అమ్మ కూడా అక్కడే ఉంటుంది, ఆమె మీ అందరికీ ఒక్కో సైగ పేరు పెడతానంటోంది.