సూర్యుణ్ణి చూసే పద్ధతి
(శ్రీనగర్ కాలనీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

1980 ఫిబ్రవరి 16 నాటి సూర్యగ్రహణం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల దగ్గర అది సంపూర్ణ గ్రహణం. మన నగరంలో మాత్రం సన్నని అంచు మిగిలింది. ఆ రోజు మా భాయిజాన్ ఈ కాలనీ వీధిలో దొరికిన రంగుల సినిమా రీలు ముక్క కంటికి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూశాడు. నొప్పి లేదు, మంట లేదు. కంటి లోపలి రెటీనా పొరకు నొప్పి తెలియదు మరి. మర్నాటికి కుడికంటి చూపులో నడిమధ్యన మచ్చ నిలిచింది. అది ఇప్పటికీ పోలేదు. ఏ అక్షరం మీద చూపు పెడితే ఆ అక్షరమే కనపడదంటాడు.

ఎందుకిలా అయింది? 1800లో విలియం హెర్షెల్ అనే శాస్త్రజ్ఞుడు దూరదర్శినితో సూర్యుణ్ణి చూడడానికి రకరకాల రంగుటద్దాలు పెట్టి చూశాడు. కొన్ని అద్దాలు వెలుతురు తగ్గించినా వేడిని లోపలికి వదిలాయి. ఆ విచారణలోనే ఎరుపు రంగుకు అవతల, కంటికి కనపడని పరారుణ కిరణాలు బయటపడ్డాయి. రంగుల రీలు చేసేదీ అంతే. కళ్ళకు చల్లగా ఉంటుంది, పరారుణాన్ని మాత్రం పోనిస్తుంది. మసి పూసిన అద్దాన్నీ నమ్మరాదు.

సుమారు 1000 ఏళ్ళ క్రితం అల్ బిరూనీ అంతటి పండితుడే, యవ్వనంలో గ్రహణాలు చూసి తన చూపు మందగించిందని రాసుకున్నాడు. నీటిలో ప్రతిబింబం చూడడం మేలన్నాడు. మన ఇళ్ళల్లో పసుపునీళ్ళ పళ్ళెం కూడా అలాంటిదే. కాని ఆ ప్రతిబింబం కాంతి సైతం కంటికి ఎక్కువేనని ఇవాళ తెలుసు.

ఆయన కాలం వాడే ఇబ్న్ అల్ హైసమ్. సన్నని రంధ్రం గుండా పడిన గ్రహణ బింబం మీద ఆయన ఒక గ్రంథమే రాశాడు. 1612లో గెలీలియో, శిష్యుడు కాస్టెల్లీ చెప్పిన పద్ధతిలో దూరదర్శిని బింబాన్ని కాగితం మీద పడేటట్లు చేసి సూర్యుడి మచ్చలు గీశాడు. జుహర్ వేళకు కర్ర నీడ కొలిచిన మన పెద్దలు చూసిందీ నేలనే, ఆకాశాన్ని కాదు.

మీరూ అలాగే చెయ్యండి. అట్టముక్కకు గుండుసూదితో రంధ్రం పొడిచి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడండి. మీటరు దూరాన తెల్లకాగితం పట్టుకుంటే సుమారు 9 మిల్లీమీటర్ల బింబం పడుతుంది. బింబాన్నే చూడాలి, రంధ్రంలోంచి సూర్యుణ్ణి చూడకూడదు. నేరుగా చూడాలంటే ఐ.ఎస్.ఓ. 12312-2 ప్రమాణం గల గీతలు పడని గ్రహణపు కళ్ళజోడే వాడాలి.

ఆ రోజు మా ఇంట్లో అట్టా ఉంది, గుండుసూదీ ఉంది. చెప్పేవాళ్ళే లేకపోయారు. మీ పిల్లలకు మీరు చెప్పండి.