ఫోటో తీసే ముందు చెట్టును చూడండి



ఆ మధ్య ఒక ఆదివారం మనం ఏడుగురం కలిసి నాచారం పెద్ద చెరువు వైపు నడిచి వెళ్ళాం. రాని వాళ్ళు "ఏం చేసిండ్రు?" అని అడుగుతున్నారు. పురుగుల ఫోటోలు తీశాం. అవును, పురుగులవే. "మా ఇంట్ల పురుగులు తక్కువైనయా, టీచరమ్మా?" అని ఒక అక్క నవ్వింది. ఆ రోజు అందరికన్నా ఎక్కువ ఫోటోలు తీసింది ఆ అక్కే.

ఉప్పల్, నాచారం ఒకప్పుడు ఊళ్ళు. ఉప్పల్ భాగాయత్ పేరు విన్నారు గదా? భాగాయత్ అంటే తోటల భూమి. ఇప్పుడు నాచారంలో ఫ్యాక్టరీలు వచ్చాయి. ఉప్పల్‌లో 2017 నుంచి మెట్రో రైలు నడుస్తోంది. అయినా చెరువు గట్టు ఉంది. ఇళ్ళ మధ్య ఖాళీ ప్లాట్లు ఉన్నాయి. అక్కడ జిల్లేడు, తంగేడు, గడ్డి చామంతి మొలుస్తాయి. ప్లాటు చదును చేసిన రోజు అవన్నీ పోతాయి. అందుకే ఉన్నప్పుడే చూద్దామన్నాను.

మనం బయలుదేరేసరికి ఎనిమిదిన్నర అయింది. వానలు తగ్గి, ఎండ బాగా కాసింది. సీతాకోక చిలుకలకు ఎండ కావాలి. వాటి ఒళ్ళు మన ఒంటిలాగా తనంతట తాను వెచ్చబడదు. పొద్దున రెక్కలు పరచి ఎండలో కూర్చుంటాయి. ఒళ్ళు వేడెక్కాక ఎగురుతాయి. ఆ కూర్చున్న కాసేపే మనకు ఫోటో దొరికేది. మధ్యాహ్నం వెళితే వాటి వెంట పరుగెత్తడమే.

మొదట మనం పరుగెత్తాం కూడా. ఒక్క ఫోటో రాలేదు. అప్పుడు నేను చెప్పాను: "సీతాకోక వెంట పోకండి. చెట్టు దగ్గర నిలబడండి." ఆడ సీతాకోక ఎక్కడపడితే అక్కడ గుడ్లు పెట్టదు. తన పిల్ల ఏ ఆకు తింటుందో ఆ చెట్టునే వెతుక్కుంటుంది. చాలా సీతాకోకలకు పుస్తకాల్లో ఇంగ్లీషు పేర్లే ఉంటాయి. ఆ పేర్లు మీకు రావు. కాని చెట్ల పేర్లు మీకు నాకన్నా బాగా వచ్చు. నేను శిక్షణలో చదివింది మొక్క బొమ్మ. మీరు కోసింది, వండింది మొక్క.

జిల్లేడు దగ్గర నిలబడ్డాం. పది నిమిషాల్లో నారింజ రంగు సీతాకోక వచ్చింది. ముందు రెక్కల కొసలు నల్లగా ఉన్నాయి. వాటిపై తెల్ల మచ్చలు. ఇంగ్లీషులో ప్లెయిన్ టైగర్ అంటారు. మీరు జిల్లేడు సీతాకోక అనుకోండి. ఆకు వెనక దాని పిల్ల కూడా దొరికింది. నలుపు, తెలుపు, పసుపు పట్టీల గొంగళి పురుగు. జిల్లేడు పాలు విషం గదా. ఆ చేదు పురుగు ఒంటికి పడుతుంది. పెద్దయి రెక్కలు వచ్చినా పోదు. ఒకసారి నోట పెట్టిన పిట్ట మళ్ళీ దాని జోలికి రాదు. ఈజిప్టు దేశంలో మూడు వేల ఏళ్ళకు పైనాటి ఒక సమాధి గోడ మీద ఈ సీతాకోక బొమ్మ ఉంది. మన జిల్లేడు మీద వాలేదే!

ఇక్కడ ఒక తమాషా ఉంది. అచ్చం ఇలాగే కనబడే ఇంకో సీతాకోక ఉంది. దానికి చేదు లేదు. పిట్టను మోసం చేయడానికి ఆ వేషం. అదీ ఆడది మాత్రమే వేస్తుంది. మగది నల్లగా, పెద్ద తెల్ల మచ్చలతో వేరేగా ఉంటుంది. దాని పిల్ల తినేది ఏమిటో తెలుసా? మన గంగవాయిలి కూర. రెండింటినీ ఎట్లా గుర్తుపట్టాలి? ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి వెనక రెక్క చూడండి. జిల్లేడు సీతాకోకకు మధ్యలో మూడు నాలుగు నల్ల చుక్కలు ఉంటాయి. వేషం వేసినదానికి పై అంచు దగ్గర ఒక్కటే. ఎగిరేటప్పుడు ఆ చుక్కలు లెక్కపెట్టలేం. ఫోటో ఉంటే తీరికగా లెక్కపెట్టవచ్చు.

ఇక కరివేపాకు గొడవ. దీని మీద మనలో పెద్ద వాదమే జరిగింది.

తిరిగి వస్తూ ఒక అక్క ఇంటి ముందు ఆగాం. కరివేపాకు చెట్టు మీద పిట్ట రెట్టలాంటిది ఉంది. అక్క దులపబోయింది. అది కదిలింది! అది నలుపు, పసుపు మచ్చల సీతాకోక పిల్ల. నిమ్మ మీదా, మారేడు మీదా కూడా ఉంటుంది. చిన్నప్పుడు రెట్టలా ఉంటుంది. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది.

"ఇది నా ఆకు తింటే నాకేం మిగులుతది? మందు కొడ్త" అంది అక్క. తప్పు అనను. కరివేపాకు కొనుక్కోవాలంటే డబ్బులు. కాని మందు కొట్టిన ఆకు మళ్ళీ మన పప్పులోకే వస్తుంది. పెద్ద చెట్టయితే నాలుగు పురుగులు తిన్నా చిగురిస్తుంది. కుండీలో చిన్న మొక్కయితే పురుగును ఆకుతో సహా తీసి వేరే నిమ్మ చెట్టు మీద పెట్టండి. ఒళ్ళంతా నూగు ఉన్న పురుగును మాత్రం చేత్తో ముట్టుకోవద్దు, దురద పెడుతుంది. చిక్కుడు తీగ మీద పేనుబంకను తినే అక్షింతల పురుగు ఉంటుంది. దాని పిల్లను చూసి భయపడి చంపేస్తాం. ముందు ఒక ఫోటో తీయండి. ఏమిటో తెలిశాక చంపాలో వద్దో అనుకోవచ్చు.

ఫోన్ లేని కాలంలో ఈ పని బొమ్మలు గీసి చేసిన ఒక ఆడమనిషి ఉంది. పేరు మరియా సిబిల్లా మెరియన్. 1647లో జర్మనీలో పుట్టింది. పురుగులు బురదలో నుంచి పుడతాయని అప్పట్లో చాలామంది నమ్మేవారు. ఆమె గొంగళి పురుగులను ఇంట్లో పెంచింది. గుడ్డు, పురుగు, గూడు, సీతాకోక, అవి తినే మొక్క అన్నీ ఒకే కాగితం మీద గీసింది. 1699లో, 52 ఏళ్ళ వయసులో, కూతురిని తీసుకొని ఓడెక్కి దక్షిణ అమెరికాలోని సూరినాం వెళ్ళింది.

మన చేతిలో ఫోన్ ఉంది. కొందరికి అది కొడుకుది, కొందరికి మొగుడిది. "పాడైతదేమో" అని భయం. పాడు కాదు. మెల్లగా వంగి దగ్గరకు పోండి. మీ నీడ పురుగు మీద పడనివ్వకండి. పడితే ఎగిరిపోతుంది. దూరం నుంచి ఒకటి తీసి, ఒక్కో అడుగు ముందుకు వేసి ఇంకోటి తీయండి. తెర మీద పురుగు ఉన్నచోట వేలితో తాకితే మసక పోతుంది. తూనీగ ఎగిరిపోయినా మళ్ళీ అదే పుల్ల మీదకు రావచ్చు, ఓపిక పట్టండి.

తీసిన వెంటనే నోటు పుస్తకంలో మూడు మాటలు రాయండి. తేదీ, చోటు, చెట్టు పేరు. చెట్టు పేరు లేని ఫోటో నాకు సగం ఫోటోనే.

ఆ కరివేపాకు అక్క మందు కొట్టలేదు. సంతకం తప్ప ఏమీ రాయనని మొండికేసిన మనిషి, రోజూ ఒక వరుస రాసింది. "పచ్చ పురుగు. ఆకు తిన్నది." "తినుట లేదు." "నడుముకు దారం కట్టుకున్నది." దారం మాట నిజమే. అది పట్టుపురుగులా చుట్టూ గూడు అల్లుకోదు. ఒక్క పోగు నడుముకు చుట్టుకొని కొమ్మకు ఆనుకుంటుంది.

నిన్న పొద్దున అక్క చూసేసరికి డొల్ల మాత్రమే ఉంది. ఎగిరేటప్పుడు ఫోటో తీయలేకపోయానని బాధపడింది. పుస్తకం తెరిచి తేదీలు లెక్కపెట్టాం. దారం కట్టుకున్న నాటి నుంచి తొమ్మిది రోజులు. నిమ్మ చెట్టు మీద ఇంకో పురుగు ఉందట. ఈసారి ఎనిమిదో రోజు నుంచే కాపలా కాస్తానంటోంది.