పిడికెడు బియ్యము

రాజేంద్రనగరమనగానే మనకు వరిమళ్ళు స్ఫురించును. 1965లో ఆరంభమైన అఖిల భారత సమన్వయ వరి అభివృద్ధి పథకము నేటి భారతీయ వరి పరిశోధన సంస్థగా పెరిగినది ఇచ్చటనే. ఇక్కడ గింజ గింజకును లెక్క ఉన్నది. నేడు మనము ముచ్చటింపదలచిన బియ్యము మాత్రము ఏ తూకమునకును అందనిది. ఇదే తెలంగాణములో, దోర్నకల్ చుట్టుపట్ల పల్లెలలో, క్రైస్తవ గృహిణులు ఎసట పోయుటకు ముందు దేవుని పేర తీసి వేరుగా దాచిన పిడికెడు బియ్యమది.

జీవితమంతయు దేవునికి సమర్పింపవలెనని క్రైస్తవ ధర్మము బోధించుచున్నది. మాట వినుటకు మధురముగనే ఉండును. చిక్కంతయు ‘అంతయు’ అను పదములోనే ఉన్నది. అన్నియు ఇచ్చితిమని పాడుట సులభము. ఏదో ఒకటి నిజముగా ఇచ్చుట కష్టము. ఆదివారమును ఇచ్చి సోమవారమును దాచుకొందుము. పాటను ఇచ్చి పద్దుపుస్తకమును దాచుకొందుము. వచ్చిన అతిథిని వసారాలో కూర్చుండబెట్టి, లోపలి గదులకు తాళము వేసినట్లుండును మన భక్తి.

ఈ చిక్కును బాగుగ ఎరిగినవారు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. వారు 1874లో తిరునెల్వేలి సీమలో ఒక గ్రామ పాదిరిగారి ఇంట జన్మించినారు. వై.ఎం.సి.ఏ. కార్యదర్శి పదవిని విడిచి, 1909లో నాటి నిజాము రాజ్యములోని దోర్నకల్ చేరినారు. మాతృభాష తమిళమైనను తెలుగు నేర్చి, 1945లో కన్నుమూయువరకు తెలుగువారి నడుమనే పాటుపడినారు. 1912లో ఆంగ్లికన్ సంఘమున బిషప్పైన తొలి భారతీయులు వీరే.

వారి సంఘములలో అధికులు మాల, మాదిగ కూలీలు. వెట్టిచాకిరియు అప్పులును ఎరిగిన బీదలు. అట్టివారిని సమర్పించుకొనుడనుట న్యాయమా అని మనకు తోచవచ్చును. ఇచ్చుటకు వారికి మిగిలినదేమి? ప్రశ్న సబబైనదే. అయితే వెట్టికిని సమర్పణకును గల భేదము ఇచ్చటనే తెలియును. వెట్టిని బలవంతుడు లాగుకొనును. సమర్పణను స్వతంత్రుడు మాత్రమే చేయగలడు. ఎల్లప్పుడును చేయి చాపవలసి వచ్చినవారిని అజరయ్యగారు ఇచ్చువారినిగా చూచినారు. క్రైస్తవ దానధర్మమును గూర్చి ఒక గ్రంథమే వ్రాసినారు. కోతపండుగనాడు ధాన్యము, కోళ్ళు గుడికి కానుకలుగా వచ్చెడివి. కానుక తెచ్చిన బీదవాడు ఆనాడు ఎవని ముందును దీనుడు కాడు.

బాప్తిస్మము పొందినవారు తలపై చేయి ఉంచుకొని, సువార్త చాటు బాధ్యత తమదేయని పలుకవలెనని వారు కోరెడివారు. నాలుకయు సమర్పణలో భాగమే గదా! మాలలు, మాదిగలు తమలోని అంతరమును విడిచి ప్రభువు బల్లయొద్ద ఒకటి కావలెనని వారి ఆశయము. బియ్యమిచ్చుట కంటె ఇది కష్టము. అణగినవానికిని, తనకన్న తక్కువవాడొకడున్నాడను ఊరట విడువరానంత తీపి. ఇక 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ దేవాలయములో హిందూ, ముస్లిము శిల్పరీతులు కలిసి నిలిచినవి. ఈ నేల నేర్చిన కళయు అర్పణకు తగినదే యని ఆ కట్టడము చెప్పుచున్నది.

అయితే పిడికెడు బియ్యములో ఒక ప్రమాదమును కలదు. అది సుంకముగా మారరాదు. పిడికెడు చెల్లించితిమి, మిగిలిన కుండ మనదే యనుకొన్ననాడు అది కానుక కాదు, బేరము. తీసిన పిడికెడు కుండలోని శేషమునకు సాక్షి. ఆ మిగిలిన అన్నమును ఆడబిడ్డకును మగబిడ్డకును సమముగా వడ్డించి, వాకిట నిలిచినవానిని కాదనకున్నచో కుండంతయు దేవునిదే.

మరియొక మాట. దేవునికి సమర్పణ యనగా దేవుని పేర పెత్తనము చేయు మనుష్యునికి లొంగుట కాదు. ఒక కాడిని దింపుకొన్నవాడు మరియొక కాడికి మెడ వంచనక్కరలేదు.

కనుక సమర్పణను పరీక్షించుటకు కొండలెక్కనవసరము లేదు. కుమారుని పెండ్లిలో కట్నము మాట వచ్చినపుడు మనమేమందుము? పనిమనిషికి జీతమిచ్చునాడు మన స్వరమెట్లుండును? తప్పుడు లెక్కపై సంతకము చేయుమన్నపుడు కలము కదలునా, ఆగునా? తాళము వేసిన గదులు ఇవియే. అన్నిటిని ఒక్కనాడే తెరువలేకపోవచ్చును. ఏ గది తాళపుచెవి ఇంకను మన కొంగున ముడివేసి ఉన్నదో ఎరుగుట మొదటి మెట్టు. దానిని విప్పి ఇచ్చుట రెండవది.