మంచు కింద నిప్పు, స్టాంపు మీద బూడిద



మంచు కప్పిన అగ్నిపర్వతాలను చాలా దేశాలు తపాలా బిళ్ళలపై ముద్రించాయి. అమెరికా 1934లో జాతీయ ఉద్యానాల వరుసలో రైనియర్ శిఖరాన్ని 3 సెంట్ల స్టాంపుపై వేసింది. ఐస్‌లాండ్‌లో 1947లో హెక్లా బద్దలైతే, మరుసటి ఏడాదే ఆ దృశ్యాలు స్టాంపులకెక్కాయి.

వీటన్నిటిలో అపురూపమైనవి 2010 నాటి ఐస్‌లాండ్ స్టాంపులు. ఆ ఏడాది ఏప్రిల్ 14న, ఎయ్యాఫ్యాత్లాయోకుల్ శిఖరం మీది హిమానీనదం కింద నిప్పు రాజుకుంది. కరిగిన మంచు వరదై పల్లానికి దూకింది. మరిగే శిలాద్రవం చల్లటి నీటిని తాకగానే పగిలి, గాజుపొడి లాంటి సన్నని బూడిదగా మారి ఆకాశానికి ఎగిసింది. అది విమానాల ఇంజన్లలోకి వెళితే కరిగి అతుక్కుపోయే ప్రమాదం ఉంది. అందుకే యూరప్‌లో చాలాచోట్ల విమానాలు రోజుల తరబడి నిలిచిపోయాయి.

అదే ఏడాది జులైలో ఐస్‌లాండ్ తపాలా శాఖ ఈ విస్ఫోటంపై మూడు స్టాంపులు తెచ్చింది. ఏప్రిల్ 17న రాలిన అసలు బూడిదనే మెత్తటి పొడిగా తీసుకుని, సిల్క్ స్క్రీన్ పద్ధతిలో బొమ్మలపై అద్దారు. అంటే ఆ స్టాంపు చేతిలో ఉంటే ఆ అగ్నిపర్వతపు తునక మన దగ్గరున్నట్టే!

స్టాంపులు సేకరించే పిల్లలకు నాదొక మాట: బొమ్మ చూసి ఊరుకోకండి. ఆ కొండ ఎక్కడుందో అట్లాసులో వెతకండి, ఎప్పుడు బద్దలైందో తెలుసుకోండి. ఆల్బమ్‌లో ప్రతి పేజీ మీకో పాఠం చెబుతుంది.